పది నిమిషాలకే ఎందుకంత చిరాకు? ఎదురుచూపు వెనక ఉన్న రెండు లెక్కలు

క్లుప్తంగా: ఎదురుచూపులో పుట్టే చిరాకు గడిచిన నిమిషాలను బట్టి పెరగదు. క్యూ పొడవును ఒక లెక్క నడిపిస్తే, ఆ క్యూలో నిలబడ్డ మనిషి విసుగును ఇంకో లెక్క నడిపిస్తుంది. మొదటిదాన్ని బాగుచేయాలంటే మనుషులు, కౌంటర్లు, డబ్బు కావాలి. రెండోదాన్ని బాగుచేయడం చవక. అందుకే సంస్థలు ఎక్కువగా రెండోదాని మీదే దృష్టి పెడతాయి. నిరీక్షణ నిజంగా తగ్గిందా, తగ్గినట్టు అనిపించిందా అన్న తేడా అక్కడే మరుగున పడిపోతుంది.

రైల్లో రెండు గంటలు కిటికీ పక్కన కూర్చున్న మనిషి పెద్దగా ఇబ్బంది పడడు. అదే మనిషి కౌంటర్ ముందు పన్నెండు నిమిషాలు నిలబడితే గడియారం చూసుకోవడం, ముందున్నవాళ్లను లెక్కపెట్టడం, లోపల ఏం జరుగుతోందో తొంగి చూడటం మొదలుపెడతాడు. సమయం పోతున్నందుకే బాధ అయితే రైలు ప్రయాణమే ఎక్కువ కష్టంగా ఉండాలి. అలా ఉండదు కాబట్టి ఈ చిరాకుకు కారణం వేరే చోట వెతకాలి.

కాస్త ఖాళీ లేకపోతే క్యూ ఎంత పెరుగుతుంది

క్యూల మీద గణితం పుట్టింది టెలిఫోన్ల వల్ల. డెన్మార్క్‌కు చెందిన ఆగ్నర్ క్రారప్ ఎర్లాంగ్ కోపెన్‌హాగెన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసేవాడు. ఎన్ని కాల్స్ వస్తాయో ముందుగా తెలియనప్పుడు ఎన్ని లైన్లు, ఎంతమంది ఆపరేటర్లు ఉంటే సరిపోతుందన్నది ఆయన ముందున్న ప్రశ్న. 1909లో దీనిపై తొలి పరిశోధన పత్రం, 1917లో సూత్రాలు వెలువరించాడు. నేటి కాల్ సెంటర్లలో షిఫ్టుకు ఎంతమంది ఉండాలో తేల్చేటప్పుడు ఇప్పటికీ ఆ సూత్రాలే వాడతారు.

ఆ గణితం చెప్పే విషయం మామూలు ఊహకు అందదు. ఒకే ఒక్క కౌంటర్ ఉందనుకుందాం. ఒక్కొక్కరి పనికి సగటున 5 నిమిషాలు పడుతుంది. అంటే గంటకు 12 మంది పని చేసి పంపగలదు. గంటకు సగటున 6 మందే వస్తే, కౌంటర్ సగం సేపు ఖాళీగా ఉంటుంది. అయినా వచ్చినవాళ్లు సగటున 5 నిమిషాలు ఆగాల్సిందే. ఎందుకంటే ఆ ఆరుగురూ పది నిమిషాలకొకరు చొప్పున రారు. ముగ్గురు ఒక్కసారే వచ్చి, తర్వాత పావుగంట ఎవరూ రాకపోవచ్చు. ఒకరి పని రెండు నిమిషాల్లో అయిపోతే ఇంకొకరిది పన్నెండు నిమిషాలు సాగొచ్చు. ఖాళీగా పోయిన ఆ పావుగంటను దాచుకుని రద్దీ వచ్చినప్పుడు వాడుకునే వీలు కౌంటర్‌కు ఉండదు.

ఇప్పుడు రద్దీ పెంచి చూద్దాం. రాకలూ, పని నిడివీ ఇలా ఎడాపెడా మారే పరిస్థితిలో, కౌంటర్ 80 శాతం సమయం పనిలో ఉంటే సగటు నిరీక్షణ 20 నిమిషాలు. 90 శాతం అయితే 45 నిమిషాలు. 95 శాతానికి చేరితే 95 నిమిషాలు. చివరి రెండు అంకెల మధ్య తేడాను కాస్త దగ్గరగా చూడాలి. 90 శాతం దగ్గర గంటకు 10.8 మంది వస్తున్నట్టు లెక్క, 95 శాతం దగ్గర 11.4 మంది. అంటే గంటా నలభై నిమిషాలకు ఒక్క మనిషి అదనంగా వస్తున్నాడు. అంతమాత్రానికే ప్రతి ఒక్కరి సగటు ఎదురుచూపు 50 నిమిషాలు పెరిగిపోయింది.

సిబ్బంది ఒక్క నిమిషం కూడా ఖాళీగా ఉండకూడదని పట్టుబట్టే చోట జనం పడిగాపులు కాయక తప్పదన్నది ఈ లెక్క సారాంశం. చూడటానికి వృథాలా కనిపించే ఆ పదీ పదిహేను శాతం ఖాళీ సమయమే క్యూను అదుపులో ఉంచుతుంది. ఖర్చులు తగ్గించాలనుకున్నప్పుడు మొదట కోత పడేది కూడా దానికే.

ఇందులో ఇంకో మెలిక ఉంది. ప్రతి ఒక్కరి పనికీ కచ్చితంగా 5 నిమిషాలే పడితే, అదే రద్దీకి నిరీక్షణ సగానికి తగ్గుతుంది. 1930ల మొదట్లో పోలాచెక్, ఖిన్చిన్ అనే ఇద్దరు గణితవేత్తలు విడివిడిగా తేల్చిన సూత్రం ఇది. చిన్న పనులు, పెద్ద పనులు ఒకే కౌంటర్‌లో కలిపేస్తే క్యూ ఎందుకు బిగుసుకుపోతుందో దీనివల్ల అర్థమవుతుంది. ఒక్క సంతకం కోసం వచ్చిన మనిషి, పది కాగితాలు సరిచూడాల్సిన మనిషి వెనక చిక్కుకుంటే నష్టం అతనొక్కడికే కాదు, అతని వెనకున్న వాళ్లందరికీ.

పది నిమిషాలకో బస్సు ఉన్నా ఐదు నిమిషాల్లో ఎందుకు రాదు

సగటున పది నిమిషాలకో బస్సు ఉంటే, ఎప్పుడు వెళ్లినా సగటున ఐదు నిమిషాలు ఆగితే చాలని అనుకుంటాం. బస్సులు కచ్చితంగా పదేసి నిమిషాల ఎడంతో నడిస్తేనే అది నిజం. ఒకసారి 5 నిమిషాలు, మరోసారి 15 నిమిషాల ఎడం ఉన్నా బస్సుల సగటు పదే. ప్రయాణికుడి సగటు నిరీక్షణ మాత్రం 6 నిమిషాల 15 సెకన్లు అవుతుంది. ఎడాలు 1, 19 నిమిషాలైతే అది 9 నిమిషాలు దాటుతుంది. కారణం ఏమంటే, పెద్ద ఎడం గడియారంలో ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కాబట్టి ఎక్కువమంది స్టాప్‌కు వచ్చేది ఆ ఎడంలోనే. షెడ్యూలు ప్రకారం అన్ని బస్సులూ తిరిగాయని సంస్థ చెప్పేదీ నిజమే, చాలాసేపు నిలబడ్డామని ప్రయాణికులు చెప్పేదీ నిజమే.

బస్సులు జతలుగా రావడం డ్రైవర్ల తప్పు కానక్కర్లేదు. కొంచెం ఆలస్యమైన బస్సు కోసం స్టాపులో ఎక్కువమంది పోగవుతారు. వాళ్లంతా ఎక్కేసరికి ఆ బస్సు ఇంకా ఆలస్యమవుతుంది. వెనక బస్సుకు జనం తక్కువ, కాబట్టి అది త్వరగా కదిలి ముందుదాన్ని అందుకుంటుంది. న్యూవెల్, పాట్స్ అనే పరిశోధకులు 1964లోనే దీన్ని గణితంతో చూపించారు. రోడ్డు మీద ట్రాఫిక్ లేకపోయినా, ఒక చిన్న ఆలస్యం తనంతట తానే పెరుగుతూ పోతుంది.

పక్క లైను సంగతి

మూడు లైన్లలో ఒకటి ఎంచుకుంటే, మన లైనే అన్నిటికన్నా ముందు కదిలే అవకాశం మూడింట ఒక వంతే. మిగతా రెండు వంతుల సార్లు పక్కవాళ్లెవరో ముందు వెళ్తారు. ఇందులో దురదృష్టం ఏమీ లేదు. అయితే ఆ మూడో వంతు సార్లు ఎవరికీ గుర్తుండవు.

రోడ్డు మీద దీనికి ఇంకో రూపం ఉంది. రెడెల్మీర్, టిబ్షిరానీ అనే ఇద్దరు 1999లో, రెండు వరుసల సగటు వేగం ఒకటే అయినా పక్క వరుసే వేగంగా పోతున్నట్టు ఎందుకు అనిపిస్తుందో వివరించారు. వేగంగా కదిలేటప్పుడు కార్ల మధ్య ఎడం పెరుగుతుంది, నెమ్మదిగా ఉన్నప్పుడు దగ్గరపడతాయి. కాబట్టి మన కారు పక్కనున్న గుంపును కొన్ని సెకన్లలో దాటేస్తుంది. వాళ్లు మనల్ని దాటేటప్పుడు మాత్రం ఒక్కొక్కరుగా, చాలాసేపు దాటుతూ ఉంటారు. దాటిన కార్ల సంఖ్య సమానమే, దాటించుకుంటూ గడిపిన సమయం ఎక్కువ.

కౌంటర్ల దగ్గర దీనికి విరుగుడు తెలిసిందే. అందరికీ కలిపి మెలికలు తిరిగే ఒకే వరుస పెట్టి, ఏ కౌంటర్ ఖాళీ అయితే అక్కడికి ముందున్నవాళ్లను పంపడం. చూడటానికి వరుస పొడవుగా ఉంటుంది గానీ, తప్పు లైన్లో నిలబడ్డామన్న బాధ ఉండదు. తర్వాత వచ్చినవాడు ముందు వెళ్లిపోయే అవకాశమూ ఉండదు.

గడియారం మీద కన్నేస్తే

ఇక మనసు లెక్క. 1985లో డేవిడ్ మైస్టర్ ఎదురుచూపు మనస్తత్వంపై రాసిన వ్యాసం ఈ రంగంలో అందరూ ఉదహరించేది. పని లేకుండా గడిపే సమయం పనిలో గడిపిన సమయం కన్నా ఎక్కువగా తోస్తుందని, ఎంతసేపో తెలియనిది తెలిసినదాని కన్నా, కారణం చెప్పనిది చెప్పినదాని కన్నా, అన్యాయంగా ఉన్నది న్యాయంగా ఉన్నదాని కన్నా పొడవుగా అనిపిస్తుందని అందులో సూత్రీకరించాడు. టెన్షన్‌లో ఉన్నప్పుడు, ఒంటరిగా ఉన్నప్పుడు కూడా అంతే.

కాలం మీద ధ్యాస పెట్టిన కొద్దీ అది సాగుతుందన్నది ప్రయోగాల్లోనూ కనిపించింది. ధ్యాసను వేరే పనికి మళ్లిస్తే అదే వ్యవధి చిన్నదిగా తోస్తుంది. లిఫ్టుల పక్కన అద్దాలు పెట్టడం వెనకున్న తర్కం ఇదే. హ్యూస్టన్ విమానాశ్రయం కథ కూడా తరచూ చెబుతారు. లగేజీ ఆలస్యంగా వస్తోందని ఫిర్యాదులు ఆగకపోవడంతో, విమానాలు ఆగే చోటును లగేజీ బెల్టుకు దూరంగా మార్చారు. ప్రయాణికులు ఎక్కువ దూరం నడవాల్సి వచ్చింది, బెల్టు దగ్గర నిలబడే సమయం తగ్గింది. ఫిర్యాదులు దాదాపుగా ఆగిపోయాయి. బ్యాగు చేతికొచ్చే సమయంలో పెద్దగా మార్పు లేదు.

ఏమీ చేయకుండా ఉండటం మనుషులకు ఎంత కష్టమో 2014లో వెలువడిన ఒక అధ్యయనం చూపించింది. ఫోనూ పుస్తకమూ లేకుండా 15 నిమిషాలు గదిలో ఒంటరిగా కూర్చోమన్నారు. కావాలంటే తమకు తాము చిన్న కరెంటు షాక్ ఇచ్చుకునే బటన్ ఉంది. ఆ షాక్ తప్పించుకోవడానికి డబ్బు కట్టడానికైనా సిద్ధమని అంతకుముందు చెప్పినవాళ్లలోనే, 18 మంది మగవాళ్లలో 12 మంది, 24 మంది ఆడవాళ్లలో ఆరుగురు కనీసం ఒకసారి దాన్ని నొక్కారు.

తెలియకపోవడం

ఆలస్యాన్ని మించి పీడించేది అనిశ్చితి. 2016లో లండన్ పరిశోధకులు 45 మందితో ఒక కంప్యూటర్ ఆట ఆడించారు. తెర మీద రాళ్ల కింద పాము ఉందో లేదో ఊహించాలి, పాము ఉంటే చేతికి షాక్ తగులుతుంది. షాక్ ఖాయమని తెలిసినప్పటి కన్నా, తగిలే అవకాశం 50 శాతం ఉన్నప్పుడే ఒత్తిడి అత్యధికంగా నమోదైంది. చెమట, కంటిపాప కొలతలు కూడా అదే చెప్పాయి.

పరీక్ష ఫలితాలు, వైద్య రిపోర్టులు, ఉద్యోగం కబుర్ల కోసం చూసే ఎదురుచూపు ఈ కోవలోకే వస్తుంది. కాలిఫోర్నియాలో న్యాయవాద అర్హత పరీక్ష రాసి నాలుగు నెలలు ఫలితం కోసం ఆగిన అభ్యర్థులను కేట్ స్వీనీ బృందం పరిశీలించింది. ఆందోళన మొదట్లోనూ చివర్లోనూ ఎక్కువ, మధ్యలో కాస్త తక్కువ. మనసును సర్దిచెప్పుకోవడానికి వాళ్లు వాడిన చిట్కాలు ఆ ఆందోళనను పెద్దగా తగ్గించలేకపోయాయి.

రోజువారీ చిన్న ఎదురుచూపుల్లో అనిశ్చితికి నిలువెత్తు నమూనా ఫోన్‌లో హోల్డ్. క్యూ కనిపించదు, ముందు ఎంతమంది ఉన్నారో తెలియదు. సంగీతం ఆగినప్పుడల్లా ఎవరో మాట్లాడబోతున్నారని చెవి రిక్కిస్తాం. తీరా వినిపించేది ‘మీ కాల్ మాకు ముఖ్యం’ అన్న రికార్డింగే. కాల్ కట్ చేస్తే ఇంతసేపు ఆగింది పోతుంది, ఆగితే ఇంకెంతసేపో తెలియదు. వదులుకోలేక, భరించలేక ఉండే ఈ స్థితిని ‘మీ ముందు ఏడుగురు ఉన్నారు’ అన్న ఒక్క మాట చాలావరకు మార్చేస్తుంది. ఆ ఒక్క మాట చెప్పడానికి అదనపు సిబ్బంది అక్కర్లేదు, అయినా చాలా చోట్ల అది వినిపించదు.

కంప్యూటర్ తెరల మీద ఇదే పాత్ర ప్రోగ్రెస్ బార్‌ది. పని ఎంత శాతం అయిందో చూపిస్తే వాడేవాళ్లు అదే ఇష్టపడతారని బ్రాడ్ మైయర్స్ 1985లో చూపించాడు. తర్వాత క్రిస్ హారిసన్ బృందం 2007లో ఇంకో అడుగు ముందుకేసింది. మొదట నెమ్మదిగా నడిచి చివర్లో వేగం పుంజుకునే బార్, అంతే సమయం తీసుకున్నా, త్వరగా పూర్తయినట్టు అనిపిస్తుందని గమనించింది. చివర్లో 99 శాతం దగ్గర ఆగిపోయే బార్ ఎందుకంత ఒళ్లు మండిస్తుందో దీన్ని బట్టే తెలుస్తుంది. సమాచారం ఇవ్వడానికీ, భ్రమ కల్పించడానికీ మధ్య గీత ఇక్కడినుంచే పలచబడుతుంది.

కారణం చెప్పడం సంగతీ అంతే. ఎలెన్ లాంగర్ 1978లో జిరాక్స్ మెషిన్ దగ్గర చేయించిన ప్రయోగంలో, ఐదు పేజీలకు ముందు తనను పోనివ్వమని ఊరికే అడిగితే 60 శాతం మంది ఒప్పుకున్నారు. ‘తొందరలో ఉన్నాను’ అంటే 94 శాతం. ‘కాపీలు తీసుకోవాలి కాబట్టి’ అని కారణమే కాని కారణం చెప్పినా 93 శాతం. అయితే పేజీలు ఇరవై అయ్యేసరికి ఆ ఉత్తుత్తి కారణం పనిచేయలేదు. ఏమీ చెప్పకపోయినప్పటిలాగే 24 శాతం మందే సరేనన్నారు. చిన్న ఆలస్యానికి ఏ మాటైనా చెల్లుతుంది, పెద్ద ఆలస్యానికి నిజమైన కారణం కావాలి.

వరుస తప్పితే

న్యూయార్క్‌లో స్టాన్లీ మిల్‌గ్రామ్ బృందం 129 క్యూల్లోకి మనుషులను మధ్యలో చొరబడేలా పంపి చూసింది. దాని ఫలితాలు 1986లో వచ్చాయి. చొరబడినవాళ్లను చేత్తో తట్టడమో, లాగడమో, నెట్టడమో చేసింది దాదాపు పది శాతం సందర్భాల్లోనే. అభ్యంతరం చెప్పిన వాళ్లలో ఎక్కువమంది చొరబాటుకు సరిగ్గా వెనకున్నవాళ్లు. ఇంకా వెనకున్నవాళ్లకు నష్టం అంతే అయినా, అడగాల్సింది ముందున్నవాళ్లేనన్నట్టు ఊరుకున్నారు.

అత్యవసర విభాగంలో తర్వాత వచ్చిన మనిషిని ముందు తీసుకెళ్లడం అన్యాయం కాదు, ప్రాణాపాయాన్ని బట్టి వరుస మారుతుంది. ఆ నియమం బయట కూర్చున్నవాళ్లకు కనిపించదు. వాళ్లకు కనిపించేది తమను దాటి లోపలికి వెళ్లిన మనిషి మాత్రమే.

ఎవరి సమయానికి విలువ

పై రెండు లెక్కలూ కలిసే చోటు ఇది. 1952లో నార్మన్ బెయిలీ బ్రిటన్ ఆసుపత్రుల ఔట్‌పేషెంట్ విభాగాల్లో అపాయింట్‌మెంట్లను గణితంతో పరిశీలించాడు. డాక్టర్ ఒక్క క్షణం ఖాళీగా కూర్చోకూడదనుకుంటే ముందునుంచే బయట కొందరు రోగులు పోగై ఉండాలి. రోగులు ఆగకూడదనుకుంటే డాక్టర్ అప్పుడప్పుడు ఖాళీగా ఉండాలి. రెండూ ఒకేసారి కుదరవు. ఒక్కో రోగికి పట్టే సగటు సమయమే ఎడంగా ఉంచి అపాయింట్‌మెంట్లు ఇచ్చి, రెండో రోగి వచ్చే వేళకు డాక్టర్ మొదలుపెట్టాలన్నది ఆయన సూచించిన మధ్యేమార్గం. అందరినీ పొద్దున్నే రమ్మని కూర్చోబెట్టడం అంటే, ఈ తక్కెడలో రోగి సమయానికి విలువ సున్నా అని ముందే రాసేసుకోవడం.

సామాజిక శాస్త్రవేత్త బ్యారీ ష్వార్ట్జ్ 1970ల మధ్యలో ఈ విషయాన్నే ఇంకో వైపు నుంచి చెప్పాడు. ఎదురుచూపు సమాజంలో సమానంగా పంపిణీ కాదు. అధికారం ఉన్నవాళ్లు ఇతరులను వేచి ఉండేలా చేయగలరు, తాము మాత్రం ఆగరు. డబ్బున్నవాళ్లు క్యూ లేని చోటికి వెళ్లగలరు. వేరే దారి లేనివాళ్లే క్యూలో మిగులుతారు.

అదనపు రుసుము కడితే ముందు పంపే ఏర్పాట్లను ఈ వెలుగులోనే చూడాలి. లెనార్డ్ క్లెయిన్‌రాక్ 1965లో నిరూపించిన ఒక నియమం ప్రకారం, కౌంటర్ సామర్థ్యం పెంచకుండా, పని నిడివితో సంబంధం లేకుండా వరుస మాత్రమే మారిస్తే మొత్తం నిరీక్షణ తగ్గదు. ఒకరికి తగ్గినంతా మిగతావాళ్లకు పెరుగుతుంది. రుసుము కట్టినవాళ్లు కొనుక్కున్నది అదే గదిలో కూర్చున్న ఇతరుల నిమిషాలు. ఆ వచ్చిన డబ్బుతో ఇంకో కౌంటర్ తెరిస్తే సంగతి వేరు.

కనిపించని క్యూలు

టోకెన్లు, ఆన్‌లైన్ స్లాట్లు, ‘మేమే తిరిగి ఫోన్ చేస్తాం’ అనే సదుపాయాలు శరీరాన్ని క్యూలోంచి విడిపించాయి. కాళ్లు పీక్కుపోయే బాధ తప్పింది, ఆ మేరకు ఇది నిజమైన మేలే. వరుస కంటికి కనిపించకపోవడంతో దాన్ని సరిచూసుకునే అవకాశం కూడా పోయింది. మధ్యలో ఎవరు చొరబడ్డారో, ఎన్ని కౌంటర్లు మూసి ఉన్నాయో తెర మీది అంకె చెప్పదు. పాత క్యూలో కనీసం లెక్కపెట్టడానికి మనుషులు ఎదురుగా ఉండేవాళ్లు.

సంస్థలు ప్రకటించే సగటు నిరీక్షణను చదివేటప్పుడు గడియారం ఎక్కడ మొదలైందో చూడాలి. ఫోన్ సేవల్లో చాలాసార్లు లెక్క మొదలయ్యేది మెనూలో అంకెలన్నీ నొక్కి క్యూలో చేరాకే. విసిగి మధ్యలో కాల్ కట్ చేసినవాళ్లు ఆ సగటులోకి రాకపోవచ్చు, అంటే ఓపిక నశించేవాళ్లు పెరిగే కొద్దీ సగటు అందంగా కనిపించే వీలుంది. కార్యాలయాల్లో టోకెన్ చేతికొచ్చాకే సమయం నమోదవుతుంది, టోకెన్ కోసం బయట నిలబడిన సేపు అందులో ఉండదు. అపాయింట్‌మెంట్ విధానంలో గది బయట కూర్చున్న పది నిమిషాలు లెక్కకొస్తాయి, ఆ తేదీ దొరికేదాకా ఆగిన వారాలను వేరే పట్టికలో విడిగా నమోదు చేస్తే తప్ప అవి ఎక్కడా కనిపించవు.